పొద్దున్నే మొండికేసే కారు

మా కారుకూ నాకూ ఒక విషయంలో మంచి పోలిక ఉండేది. చలికాలం పొద్దున్నే లేవమంటే ఇద్దరికీ ప్రాణం మీదికి వచ్చేది. నన్నైతే అమ్మ దుప్పటి లాగి లేపేసేది. కారును ఎట్లా లేపాలో మాత్రం హిందూపురంలో ఎవరికీ పాలుపోలేదు. తొంభైల చివర్లో ఒక చలికాలమంతా మా ఇంట్లో ఇదే పంచాయితీ.

నాయనకు బజారులో పట్టుచీరల అంగడి ఉండేది. ప్రతి ఆదివారం ధర్మవరం పోయి, నేతగాళ్ల ఇళ్లలో చీరలు చూసి తెచ్చుకునేవాడు. మూటలతో రైలెక్కి దిగడం కష్టమై, బెంగళూరులో ఒక డాక్టరు వాడి వదిలేసిన పెట్రోలు కారు కొన్నాడు. పాలరంగు కారు. గుండ్రటి రెండు లైట్లు, మధ్యలో ఇనుప జాలీ, ఎదురుగా నిలబడి చూస్తే ఎవరో పెద్దమనిషి ముఖంలా ఉండేది. కొన్నాడే గాని నాయనకు తోలడం రాదు. "ఈ వయసులో నాకేమిటికి, నువ్వు నేర్చుకో" అన్నాడు. నేను అప్పటికి డిగ్రీ ముగించి ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు చెబుతున్నాను. సరేనని నేర్చుకున్నాను. ఆడపిల్ల కారు తోలుతోందని బజారులో కొందరు నోరు తెరుచుకుని చూసేవాళ్లు. నాకు మొదటి నుంచీ కోపం ముక్కు మీదే ఉంటుంది. హారన్ గట్టిగా కొట్టి ఆ నోళ్లు మూయించేదాన్ని.

ఆ కారు మీద ఇంట్లో అందరికంటే ఎక్కువ ప్రాణం పెట్టుకున్నది మా అవ్వ, అంటే నాయన తల్లి. దానికి కారణం పెనుకొండలో ఉండేది. హిందూపురం నుంచి ధర్మవరం పోయే దారిలోనే పెనుకొండ. అక్కడ అవ్వకు ఒక అక్క. చిన్నప్పుడే తల్లి పోతే, చెల్లెల్ని చంకనేసుకుని పెంచింది ఆ అక్కే. నేను పెద్దవ్వ అని పిలిచేదాన్ని. తుంటి ఎముక విరిగి ఆమె మంచం పట్టింది, చూపు కూడా మందగించింది. మా అవ్వకేమో మోకాళ్లు వంగవు. బస్సు మెట్టెక్కాలంటే కింది నుంచి ఒకరు తోయాలి, పైనుంచి ఒకరు లాగాలి. ఒకసారి అట్లా ఎక్కిస్తుంటే మెట్టు మీదే కూలబడి, అంతమంది ముందు ఏడ్చేసింది. ఆ తర్వాత బస్సు పేరెత్తలేదు. అక్కను చూడకుండా ఏడాది పైనే గడిపింది.

కారొచ్చాక ఆమె బతుకు మారిపోయింది. ఆదివారం పొద్దున్నే ఆమెను పెనుకొండలో అక్క మంచం పక్కన దింపి, నేనూ నాయనా ధర్మవరం పోయి, సాయంత్రం వస్తూ ఎక్కించుకునేవాళ్లం. ఆ ఒక్క రోజు కోసం వారమంతా కాచుకునేది. శనివారమే ఒక డబ్బాలో నువ్వులుండలు పెట్టుకుని, నన్ను పదిసార్లు అడిగేది. "పాపా, రేపు పోతాం గదా?"

"పోతామవ్వా, సుమ్నే ఉండు, ఊరికే అడగొద్దు" అని నేను విసుక్కునేదాన్ని. ఆమె నవ్వేది.

కార్తీకం దాటి చలి ముదిరాక కారు మొండికేయడం మొదలుపెట్టింది. ఒక ఆదివారం పొద్దున చోక్ లాగి సెల్ఫ్ కొడితే, లోపల ఎవరో నడుం నొప్పితో మూలిగినట్టు మూలిగి ఆగిపోయింది. మళ్లీ కొడితే ఆ మూలుగూ లేదు. పక్కింటివాళ్లను పిలిచి వెనక్కి తోయించాం. కారు ముక్కు గోడకేసి నిలిపి ఉన్నందువల్ల, దాన్ని వాకిలి దాటించి రోడ్డెక్కించేసరికి అందరికీ తల ప్రాణం తోకకొచ్చింది. నాయన తెల్లపంచె మోకాళ్లదాకా మట్టి. ధర్మవరంలో మంచి చీరలన్నీ వేరే అంగళ్లవాళ్లు ముందే పట్టుకుపోయారు.

ఆ రాత్రి భోజనం దగ్గర నాయన తేల్చేశాడు. "ఈ కారు మనకు వద్దు. ఎవరికన్నా ఇచ్చేసి మళ్లీ రైల్లోనే పోతా. రైలుకు చలీ ల్యా, గిలీ ల్యా."

"మరి అవ్వ పెనుకొండకు ఎట్ల పోతాది?" అన్నాను.

"బస్సుల్లేవా? నిదానంగా ఎక్కచ్చులే."

నాకు ఒళ్లు మండింది. నాయన మనసు మంచిదే. కాకపోతే పొద్దున పోయి రాత్రి భోజనానికి ఇల్లు చేరే మనిషి, ఇంట్లో ఎవరి మోకాళ్లు ఎట్లున్నాయో ఆయనకు తెలిసే దారి లేదు. ఏదో అనబోతే అవ్వ కళ్లతోనే వద్దని సైగ చేసింది. ఆమె పళ్లెంలో సంగటి ముద్ద అట్లాగే ఉండిపోయింది.

మర్నాడు నేనే మెకానిక్‌ను పిలిపించాను. బస్టాండు దగ్గర షెడ్డు, ఎప్పుడూ నవ్వుముఖం. సెల్ఫ్ కొట్టి ఆ మూలుగు విన్నాడు. "బ్యాటరీ పోయిండాదిమ్మా. కొత్తది ఏస్తే గుర్రం మాదిరి లేస్తాది" అన్నాడు. కొత్తది వేశాడు. పోతూ పోతూ ఒక సలహా కూడా ఇచ్చాడు. "ఇంగ మీద దీని మూతి వాకిలి తట్టు పెట్టి నిలపండి. ఎప్పుడన్నా స్టార్ట్ కాకపోతే ముందుకు తోసేదానికి సులభం." మంచి మాటే కదా అని కారును తిప్పి, ముఖం వాకిట్లోకి వచ్చేట్టు నిలిపాం.

గుర్రం లేవలేదు. తర్వాతి ఆదివారం పొద్దున మళ్లీ అదే కథ. అయితే ఈసారి ఒక తేడా ఉంది. అంతకుముందు సెల్ఫ్ కొడితే మూలిగేది, ఇప్పుడు ఇంజను గిరగిరా తిరుగుతోంది. బలానికేమీ లోటు లేదు, అంటుకోవడమే లేదు. సైన్సు టీచర్ని కాబట్టి నాకు ఆ తేడా చెవికి తగిలింది. మెకానిక్‌తో అదే చెప్పాను.

"రెండూ ఒకటేలేమ్మా. చలి" అన్నాడు.

ఆ మనిషితో ఇంకో తంటా ఉండేది. బజారులో ఉగ్గాని బజ్జీలు తిని, టీ తాగి, పదింటికి గాని మా వాకిట్లో అడుగుపెట్టడు. అప్పటికి ఎండ ఏటవాలుగా వచ్చి కారు ముఖం మీద పడుతుంటుంది. కూర్చుని సెల్ఫ్ కొడతాడు. కారు వెంటనే అందుకుని, మంచి పిల్లలాగా గుర్రుమంటూ నిలబడుతుంది. ఆయన నావైపు చూసి నవ్వుతాడు. "నాకు స్టార్ట్ అయితాండాదే. నీకేమిటికి కాల్యా?"

అబ్బ, ఆ మాట వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. "ఏమప్పా, నేనేమన్నా నాటకాలాడతాండానా? ఆరింటికి రా, అప్పుడు తెలుస్తాది" అనేదాన్ని. "ఆరింటికా? నేను లేచేదే ఏడింటికి" అనేవాడు. అయినా చేతనైనదంతా చేశాడు. ప్లగ్గులు మార్చాడు. కార్బురేటరు విప్పి కడిగాడు. చోక్ తీగ బిగించాడు. ప్రతిసారీ పదింటికి కారు భేషుగ్గా ఉండేది, మర్నాడు పొద్దున మళ్లీ చచ్చిన పీనుగే.

ఇక వీధిలో ప్రతివాడూ డాక్టరే. ఎదురింటి రిటైరైన మాస్టరు, రాత్రిపూట పెట్రోలు గడ్డకడుతోందని తీర్మానించాడు. "హిందూపురం చలికి పెట్రోలు గడ్డకడితే, ముందు మీ బిందెలో నీళ్లు గడ్డకట్టాలి సార్" అన్నాను. ఆయన వారం రోజులు నాతో మాట్లాడలేదు. రొద్దం నుంచి వచ్చిన ఒక చుట్టం నల్లటి కంబడి తెచ్చిచ్చి, గొర్రెల కాపరులు కప్పుకునేదే కారుకూ కప్పమన్నాడు. కప్పాం. పొద్దున కంబడి తీస్తుంటే మంచుకు తడిసి బరువెక్కి, నా చేతులు పడిపోయాయి. కారు మాత్రం కదలలేదు. అమ్మ మిరపకాయలతో దిష్టి తీసింది. మేమందరం దగ్గి దగ్గి చచ్చాం.

ఇదంతా జరుగుతున్నప్పుడు అవ్వ వసారాలో స్తంభానికి ఆనుకుని నిలబడేది. సెల్ఫ్ కొట్టినప్పుడల్లా ఆమె పెదవులు కదిలేవి. కారు అందుకోకపోతే చేతిలో డబ్బా మూత ఒకసారి తీసి మళ్లీ పెట్టేది. నాకు ఆమె ముఖం చూడలేక కారు తలుపు ధడేల్మని వేసేదాన్ని.

చివరికి నాయన ఒక బేరగాణ్ణి చూశాడు. గోరంట్లలో శెనక్కాయలు ఒలిచే మిషను పెట్టుకున్న పెద్దమనిషి. ఆయన అంగడికి వచ్చి ఒకటే షరతు పెట్టాడట. "బండి చల్లగుండేటప్పుడే నేను చూడల్ల. ఎండెక్కినాక ఏ బండైనా లేస్తాది. శుక్రవారం తెల్లారేసరికి మీ ఇంటి ముందరుంటా." నాయన సరేనన్నాడు. ఆ మాట విన్న అవ్వ ఆ పూట తినలేదు. ఒంట్లో బాగలేదంది.

మధ్యలో ఒక ఆదివారం మిగిలింది. ఆ రోజూ కారు పదింటికి గాని లేవలేదు. అవ్వను పెనుకొండలో దింపి ధర్మవరం చేరేసరికి మధ్యాహ్నం దాటింది. నాయనకు కావలసిన చీరలు నేసే ఆయన మగ్గం మీంచి కోసివ్వడానికి మరింత ఆలస్యమై, చీకటి పడింది. నాకు స్కూలు సెలవులే కాబట్టి ఆయన ఇంట్లోనే పడుకున్నాం. కారు వాళ్ల వాకిట్లో, ఆకాశం కింద, కంబడి కూడా లేకుండా ఉండిపోయింది. ఆ రాత్రి చలి గట్టిగా వేసింది. తెల్లవారుజామున మగ్గాల చప్పుడుకు లేచి బయటికి వచ్చి చూస్తే, కారు అద్దాల మీద మంచు బొట్లు బొట్లుగా ఉంది. ఇంకేముంది, ఇక్కడా తోయాల్సిందే అనుకుని నీరసంగా కూర్చుని తాళం తిప్పాను.

ఒక్క దెబ్బకు అందుకుంది.

నమ్మలేదు నేను. ఆపేసి, కాసేపాగి మళ్లీ తిప్పాను. మళ్లీ అందుకుంది. నాయన పళ్లు తోముతూ వచ్చి చూశాడు. "ధర్మవరంలో చలి ల్యాలే" అన్నాడు, రెండు చేతులూ చంకల్లో దూర్చుకుని వణుకుతూనే.

దారి పొడుగునా నా బుర్రలో అదే తిరిగింది. చలి ఇక్కడా ఉంది, అక్కడా ఉంది. మంచు ఇక్కడా ఉంది, అక్కడా ఉంది. మా వాకిట్లో ఉండి ఇక్కడ లేనిది ఏదో ఉండాలి. పెనుకొండలో అవ్వను ఎక్కించుకున్నాం. అక్కతో ఒక రాత్రంతా గడిపిన సంతోషం ఆమె ముఖంలో వెలుగుతోంది. కొండ దాటగానే మాత్రం ఆ వెలుగు పోయింది. "శుక్రవారమా ఆయప్ప వచ్చేది?" అని మెల్లగా అడిగింది. అవునన్నాడు నాయన. తర్వాత ఊరొచ్చేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

గురువారం పొద్దున నేను పట్టుబట్టి ఆరున్నరకే కారు దగ్గరికి పోయాను. ఊహించినట్టే అంటుకోలేదు. ఈసారి తిట్టుకోకుండా బానెట్ ఎత్తి, టార్చి వేసి ఒక్కొక్కటే చూశాను. ముందరి జాలీకి సరిగ్గా వెనకాల, ప్లగ్గులకు కరెంటు పంచే నల్లటి మూత ఒకటి ఉంటుంది. దాని నుంచి ప్లగ్గులకు పోయే తీగలు నిగనిగలాడుతున్నాయి. వేలు పెట్టి చూస్తే తడి. మంచు బానెట్ పైన కదా ఉండాలి, లోపలికి ఎట్లా వచ్చింది? ఆ తడి పసుపచ్చగా ఉంది. మూత పక్కన ఒక తీగకు అతుక్కుని తులసాకు కనిపించింది.

గుడ్డ తెచ్చి మూత విప్పి లోపలా బయటా తుడిచాను. తీగలు కూడా ఒక్కొక్కటే తుడిచాను. తాళం తిప్పగానే కారు లేచింది. చలిలోనే, ఎండ రాకముందే. రోగం తెలిసిపోయింది. ఆ మూత మీద తడి ఉంటే కరెంటు ప్లగ్గులదాకా పోదు. పదింటి ఎండకు ఆరిపోతుంది. అప్పుడు మెకానిక్ వస్తాడు, నవ్వుతాడు.

రోగమే కాదు, రోగం తెచ్చిన మనిషి కూడా తెలిసిపోయింది. మా ఇంట్లో తెల్లవారకముందే లేచి తులసికోట దగ్గర చెంబు పట్టుకునేది ఒక్కరే. వాకిలి తడిగా ఉన్నా ఎవరికీ అనుమానం రాలేదంటే, తర్వాత అమ్మ లేచి కళ్లాపి చల్లేది కదా, తడి మీద తడి. నాకు పిచ్చి కోపం వచ్చింది. నెల రోజులుగా నేను వీధిలో నవ్వులపాలైంది ఇందుకా అనిపించింది. అడిగేద్దామంటే ఆ రోజంతా ఇంటి నిండా చుట్టాలు.

రాత్రి నాయనకు చెప్పాను. "తప్పు దొరికింది నాయనా. లోపల తడి. రేపు తుడిస్తే స్టార్టయితాది. ఇంగ అమ్మాల్సిన పనిలేదు."

"మంచిదే" అన్నాడు నాయన. "స్టార్టయితే ఆయప్ప వెంటనే తీసకపోతాడు. నేను మాటిచ్చినా."

కారు బాగైతే పోతుందని అప్పటిదాకా నాకు తట్టనేలేదు.

శుక్రవారం నన్ను ఎవరూ లేపలేదు. నేనే లేచి, దుప్పటి కప్పుకుని వసారాలో కూర్చున్నాను. ఇంకా మసకగానే ఉంది. అవ్వ స్నానం చేసి, తడి వెంట్రుకలు ముడి వేసుకుని, చెంబుతో వచ్చింది. తులసికోటకు మొక్కి, చెంబులో చిటికెడు పసుపు, నాలుగు ఆకులు వేసుకుంది. మోకాళ్ల మీద చేతులు ఆనించుకుంటూ కారు ముందుకు వచ్చింది. రెండు లైట్లను కొంగుతో తుడిచింది.

"తల్లీ" అంది కారుతో. "నిన్ను అడిగేది ఇంగేమీ ల్యా. నువ్వు ఈ ఇంట్లోనే ఉండల్ల. మా అక్క కన్నుమూసేదాక నన్ను ఆడికి తీసకపోవల్ల. ఆయప్పతో పోవద్దు తల్లీ."

పోట్లాడదామని కూర్చున్నదాన్ని, ఆ సంగతే మరిచిపోయాను. ఆమె చెంబు ఎత్తేసరికి గబగబా లేచి పోయి చెయ్యి పట్టుకున్నాను.

"అవ్వా, దినామూ ఇట్లనే పోస్తాండావా?"

ఆమె ఉలిక్కిపడింది. "నువ్వేమిటికి లేచినావే ఇంత పొద్దున్నే? అవును, ముఖం కడుగుతాండా. మీ నాయన ఇచ్చేస్తా అన్న కాడి నుంచీ కడుగుతాండా. మొదటి దినం ఈయమ్మ గోడ తట్టు తిరిగి ఉండె. ముఖం అందల్యా. వాకిలి తట్టు తిప్పినాక కుదిరింది."

బానెట్ ఎత్తి చూపించాను. ఆమె పోసిన నీళ్లు జాలీలోంచి ఎట్లా పోతాయో, ఏ మూత మీద పడతాయో, అది తడిస్తే ఏమవుతుందో చెప్పాను. ఆమె వంగి, తల లోపలికి పెట్టి చాలాసేపు చూసింది.

"అంటే ఇది లేవకుండా చేసింది నేనేనా?"

"నువ్వేనవ్వా."

ఆమె ముఖం ఎంత చిన్నబోయిందంటే, ఎందుకు చెప్పానా అని నాకే అనిపించింది. అది లేవకపోతే అమ్మేస్తారని భయం. అమ్మేస్తారని భయం వేసేకొద్దీ ఆమె ఇంకో చెంబు ఎక్కువ పోసింది. పోసేకొద్దీ అది లేవలేదు. పాపం, తన చేతులతోనే తన దారి మూసుకుంటూ వచ్చింది. ఇంత అన్యాయం ఎక్కడన్నా ఉంటుందా అనిపించి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

అయితే మా అవ్వ ఏడుస్తూ కూర్చునే రకం కాదు. చెంబు వైపు చూసింది, కారు వైపు చూసింది. బుర్ర పనిచేస్తోందని తెలుస్తూనే ఉంది.

"పాపా, ఇప్పుడు నేను పోయకపోతే ఇది లేస్తాది."

"లేస్తాది."

"లేస్తే ఆయప్ప తీసకపోతాడు."

"అవును."

"పోస్తే?"

ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. నేను బానెట్‌ను ఇంకాస్త పైకెత్తి పట్టుకున్నాను. ఆమె జాలీ మీద పోయబోతే, "ఆడ కాదవ్వా, ఈడ" అని మూత చూపించాను. ఆమె చెంబు మొత్తం అక్కడే ఒంపేసింది. ఆ వయసులో ఆమె కిసుక్కున నవ్వితే వినడం నాకు అదే మొదటిసారి.

గోరంట్ల పెద్దమనిషి చెప్పిన మాట ప్రకారం తెల్లారేసరికి వచ్చాడు. మఫ్లరు చుట్టుకుని, ఒక స్కూటరు మీద. నాయన స్నానం చేసి బొట్టు పెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. "మా పాప తప్పు కనుక్కునింది. ఇప్పుడు ఒక్క దెబ్బకు లేస్తాది చూడు" అన్నాడు గర్వంగా. నేను కూర్చుని తాళం తిప్పాను. ఇంజను గిరగిరా తిరిగింది, అంటుకోలేదు. మళ్లీ తిప్పాను. నాయన ముఖం ఎర్రబడింది.

ఆ పెద్దమనిషి శెనక్కాయల మిషను నడిపేవాడు, ఇంజన్లు తెలిసినవాడు. దగ్గరికి వచ్చి బానెట్ ఎత్తాడు. నల్లమూత మీంచి పసుపునీళ్లు బొట్లు బొట్లుగా కారుతున్నాయి. నాలుగు తులసాకులూ దాని నెత్తి మీదే ఉన్నాయి. ఆయన ఒక ఆకు తీసి చేతిలో పెట్టుకుని చూశాడు.

"ఏమప్పా, ఇంజనుకు అభిషేకం చేసినారే."

నాయన నావైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను. నాయన చూపు వసారా మీదికి పోయింది. అవ్వ చెంబును కొంగు చాటుకు దాచబోతోంది.

"అమ్మా, ఏందిది?"

అవ్వ ఇక దాచలేదు. చెంబు స్తంభం పక్కన పెట్టింది. "ఇన్ని దినాలూ తెలీక పోసినా. ఈపొద్దు తెలిసే పోసినా."

"ఏమిటికి?"

"ఇది పోతే నేను మా అక్కను చూడలేనప్పా. నా మోకాళ్లకు బస్సు మెట్టు అందదు. నన్ను పెంచిన మనిషి ఆడ మంచంలో ఉండాది. అందుకే పోవద్దని దినామూ దీనికి మొక్కుకుంటాంటి."

నాయన వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు.

"నన్నడిగితే సరిపోయేది కదమ్మా. కారును అడిగినావా?"

అవ్వ గొంతులో కోపం లేదు, నిష్ఠూరం కూడా లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. "నువ్వు దినామూ అంగట్లో ఉంటివి కదప్పా. ఇది ఇంటి ముందరుండె."

గోరంట్ల ఆయన బానెట్ మెల్లగా దించాడు. తులసాకు కళ్లకద్దుకుని జేబులో వేసుకున్నాడు. "ఈ బండి నాకొద్దప్పా. ఒక పెద్దామె ఇంత మొక్కుకున్న బండిని తీసకపోతే నాకు కలిసిరాదు" అన్నాడు. అమ్మ ఇచ్చిన కాఫీ తాగి, కాఫీ బాగుందని చెప్పి మరీ పోయాడు.

నేను గుడ్డ కోసం లేచేలోపు నాయనే భుజం మీది తువ్వాలు తీశాడు. ఎక్కడ తుడవాలని అడిగాడు. చూపించాను. పట్టుచీర మడతలు సర్దే చేతులతో ఆయన ఆ మూతను, ఆ తీగలను ఎంతో ఓపిగ్గా తుడిచాడు. కొత్త తువ్వాలు, పసుపూ గ్రీజూ అంటి పాడైపోయింది. కారు లేచింది. శుక్రవారం అంగట్లో బేరం ఎక్కువ ఉండే రోజు. నాయన అంగడి తాళాలు గుమాస్తాకు పంపించి, అవ్వ చెయ్యి పట్టుకుని వెనక సీట్లో కూర్చోబెట్టి, తను కూడా ఆమె పక్కనే కూర్చున్నాడు. ఎప్పుడూ ముందు సీట్లో నా పక్కన కూర్చునే మనిషి.

పెనుకొండలో పెద్దవ్వ కారు చప్పుడు విని తల తిప్పింది. "ఈపొద్దు ఆదివారం కాదే?" అంది. అవ్వ మంచం అంచున కూర్చుని జరిగిందంతా చెప్పింది. చెంబు సంగతి వచ్చేసరికి పెద్దవ్వ నవ్వి నవ్వి దగ్గింది, దగ్గి మళ్లీ నవ్వింది. నాయన మంచం కాళ్ల దగ్గర నేల మీద కూర్చున్నాడు. దారిలో ప్రతివారం ఆమె ఇంటి ముందు కారు ఆపుతున్నా, ఎన్నడూ దిగి లోపలికి వచ్చినవాడు కాదు. పెద్దవ్వ చేత్తో తడిమి, తల మీద వెంట్రుకలు పలచబడ్డాయే అని గుర్తుపట్టింది. ఆయన చిన్నపిల్లాడిలా నవ్వాడు. నాకు మా నాయన అంత ముద్దొచ్చింది ఆ రోజే.

బయల్దేరేముందు పెద్దవ్వ ఎప్పటిలాగే అడిగింది. "మళ్లా ఎప్పుడొస్తావే?"

ఆ చలికాలం మొదలైనప్పటి నుంచీ అవ్వ ఆ మాటకు, "కారు లేస్తే ఆదివారం" అనేది. ఆ రోజు అట్లా అనలేదు. నాయన వైపు తిరిగింది.

"ఎప్పుడొస్తామప్పా?"

"నువ్వెప్పుడంటే అప్పుడేమ్మా" అన్నాడు నాయన.

"రేపు" అంది అవ్వ.

నాయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "సరే, రేపే" అన్నాడు.